పాత బండికి రేడియేటరు మార్చే ముందు



ఈ పేజీలో నేను సాధారణంగా ఇంటి ఖర్చుల గురించి, పిల్లల చదువుల గురించి, పెద్దవారి ఆరోగ్యం గురించి రాస్తూ ఉంటాను. ఈ నెల కారు రేడియేటరు గురించి రాస్తున్నాను. "అయ్యగారికి మెకానిక్ పని ఎప్పుడు వచ్చింది?" అని మీరు నవ్వుకోవచ్చు. రాలేదు. నేను చదివింది వేదాంత డిప్లొమా మాత్రమే. అయితే మనం ఒక తప్పు చేసి, దాని వలన ఇంకొకరు బాధపడినప్పుడు, ఆ సంగతి మనకు బాగా తెలిసివస్తుంది. అలా తెలిసినదే మీతో చెబుతున్నాను. మన సంఘాలలో చాలా చోట్ల ఒక పాత జీపో, అంబాసిడరో, ఓమ్ని వ్యానో ఉంటుంది. మీ ఇళ్ళలో కూడా పాత కార్లు ఉన్నవారు ఉన్నారు. మీలో ఒక్కరికైనా ఇది పనికివస్తే చాలు.

మా ఊరు వినుకొండ నుండి నరసరావుపేట వెళ్ళే దారికి కొంచెం లోపలగా ఉంటుంది. మా సంఘానికి 1998 నాటి అంబాసిడర్ డీజిల్ కారు ఒకటి ఉంది. రిటైరైన ఉపాధ్యాయుడు ఒకరు తాను ఊరు వదిలి వెళ్ళేటప్పుడు దానిని సంఘానికి ఇచ్చిపోయారు. దానిని ఎక్కువగా నడిపేది నేనే. పెళ్ళిళ్ళకు, కూటాలకు వాడేది తక్కువ. మా ఊరిలో ఒక కౌలు రైతు సహోదరుడు ఉన్నాడు. అతనికి మూత్రపిండాలు పాడై, వారానికి రెండుసార్లు నరసరావుపేటలో డయాలసిస్ చేయించుకోవాలి. వెళ్ళేటప్పుడు బస్సు ఎక్కగలడు గాని, తిరిగి వచ్చేటప్పుడు కాళ్ళలో సత్తువ ఉండదు. అందుచేత మంగళవారం, శుక్రవారం మా కారు అతని కోసమే.

గత సంవత్సరం మే నెలలో ఒక శుక్రవారం ఉదయం బయలుదేరాము. సుమారు 14 కిలోమీటర్లు పోయేసరికి వేడి చూపించే ముల్లు ఎర్ర గీత దాటింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి వచ్చింది. ఇది నాకు కొత్త కాదు. ఎప్పటిలాగే బండి పక్కకు ఆపి, డిక్కీలోని ప్లాస్టిక్ డబ్బా తీశాను. అందులో మా బోరు నీళ్ళు. అయిదు నిమిషాలైనా ఆగకుండా తడి తువాలు కప్పి రేడియేటరు మూత తిప్పాను. వేడి నీళ్ళు ఒక్కసారిగా పైకి చిమ్మి నా ముంజేయి కాలింది. ఆ మంటలోనే చల్లటి నీళ్ళు పోశాను. పైన పోసినవి పోసినట్టే కింద నుండి కారిపోయాయి. బండి ఇక కదలలేదు.

దారిన పోయే ఆటో ఒకటి ఆపి అతనిని, అతని భార్యను ఎక్కించాము. వారు చేరేసరికి అతని వంతు దాటిపోయింది. ఆసుపత్రి వారి తప్పు ఏమీ లేదు. మిషన్ మీద అప్పటికే ఇంకొక రోగి ఉన్నాడు. సాయంత్రం దాకా వరండాలో బల్ల మీద కూర్చోబెట్టారు. మధ్యాహ్నానికి అతనికి ఆయాసం వచ్చింది. భార్య కొంగుతో విసురుతూ ఉంది. నేను చేయి కట్టుతో పక్కన నిలబడి ఉన్నాను. పొద్దుగూకే వేళకు మిషన్ ఖాళీ అయింది. అతను బ్రతికాడు. రాత్రి నేను క్షమించమని అడిగితే, "ఏం పర్లేదులే అయ్యగారూ, మీ కారుకన్నా కొత్తది దొరుకుద్ది" అని నవ్వాడు. తనకు కొత్త మూత్రపిండం దొరకలేదన్న సంగతి అతను నోరు తెరిచి అనలేదు. నేను మాత్రం ఆ మాట మరచిపోలేదు.

ఆదివారం సంఘ పెద్దలు కూర్చున్నారు. ఒక పెద్దాయన, "పాత ఇనుము కొట్టులో అంబాసిడర్ రేడియేటర్లు బోలెడు పడి ఉంటాయి, సగం ధరకు తెద్దాం" అన్నారు. ఇంకొకరు, "ఇప్పుడంతా అల్యూమినియమే వస్తోంది, తేలిక, చవక, అది వేయించండి" అన్నారు. ఒక యువకుడు, "ఈ బండిని అమ్మేస్తే పోదా?" అన్నాడు. నేనైతే, "చిల్లులకు మాటు పెట్టిస్తే ఈ ఏడాదికి సరిపోతుంది" అన్నాను. నలుగురిలో ఒక్కరమైనా, "అసలు పాతది ఎందుకు పాడైంది?" అని అడగలేదు.

ఆ ప్రశ్న అడిగినవాడు విజయవాడ ఆటోనగర్‌లోని ఒక రేడియేటర్ మేస్త్రీ. పాతదానిని గోనె సంచిలో కట్టి, నేనూ ఒక సంఘ పెద్దా ఆర్టీసీ బస్సులో తీసుకువెళ్ళాము. మేస్త్రీ పై ట్యాంకు టంకం కరిగించి ఊడదీసి, లోపలికి చూడమన్నాడు. గొట్టాల నోళ్ళు సున్నం గచ్చు పోసినట్టు తెల్లగా పూడుకొని ఉన్నాయి. మూడింట రెండు వంతుల గొట్టాలలో నీరు పోవడమే లేదు. "ఎన్నేళ్ళుగా బోరు నీళ్ళు పోస్తున్నారండీ?" అని అడిగాడు. ఆరేళ్ళు అని చెప్పాను. "అయితే ఇది ముసలితనంతో పోలేదు. మీరే చంపారు" అన్నాడు. కోపంగా అనలేదు. రోజూ చూసే సంగతి చెప్పినట్టు చెప్పాడు.

ఆయన దగ్గర ఆ రోజు నేర్చుకున్నదీ, తరువాత మా మెకానిక్‌ను అడిగి తెలుసుకున్నదీ వరుసగా చెబుతాను.

ముందు రేడియేటరు ఏమి చేస్తుందో చూద్దాం. ఇంజన్‌లో మండే డీజిల్, పెట్రోలు వేడిలో సుమారు మూడో వంతు చక్రాలకు పనికిరాకుండా నీళ్ళలోకి పోతుంది. ఆ వేడి నీరు పై ట్యాంకులోకి వచ్చి, సన్నని బల్లపరుపు గొట్టాల గుండా కిందికి దిగుతుంది. గొట్టాల మధ్య పలుచని రేకులు మడతలు మడతలుగా ఉంటాయి. ఫ్యాను గాలి, బండి పరుగు గాలి ఆ రేకులను తాకి వేడిని తీసుకుపోతాయి. చల్లబడిన నీటిని పంపు మళ్ళీ ఇంజన్‌లోకి నెడుతుంది. గొట్టాలు లోపల పూడినా, రేకులు బయట పూడినా వేడి పోయే దారి ఉండదు.

బోరు నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఉంటాయి. మీరు నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లని పొర కడుతుంది గదా, అదే ఇక్కడా కడుతుంది. ఒకసారి పోసిన నీళ్ళలో ఉండే లవణం కొంచెమే. అయితే కారుతున్న రేడియేటరులో వారం వారం కొత్త నీళ్ళు పోస్తే, వారం వారం కొత్త లవణం చేరుతుంది. ఆవిరి పైకి పోతుంది, సున్నం లోపలే ఉండిపోతుంది. నేను చేసినది ఇదే. చిన్న కారుడును బాగు చేయించకుండా, "నీళ్ళే గదా" అని ఆరేళ్ళు పోస్తూ వచ్చాను.

గనుక కొత్తది కొనే ముందు, బండి వేడెక్కడానికి కారణం నిజంగా రేడియేటరేనా అని చూడాలి. లేకపోతే కొత్తది వేసినా వారానికే మళ్ళీ ఆవిరి వస్తుంది. ఇంజన్ పూర్తిగా చల్లారిన తరువాత ఇవి చూడండి. ఫ్యాను బెల్టు బొటనవేలితో నొక్కితే సుమారు అర అంగుళం లోపలికి పోవాలి. అంతకంటే వదులైతే పంపు, ఫ్యాను సరిగా తిరగవు. నీటి పంపు కింద చిన్న రంధ్రం దగ్గర తడి ఉంటే పంపు సీలు పోయినట్టు. కింది రబ్బరు గొట్టం పిసికితే మరీ మెత్తగా ఉంటే, బండి పరుగులో అది లోపలికి నొక్కుకుపోయి నీటిని ఆపుతుంది. మూత అడుగున రబ్బరు వాచర్ చిట్లితే పీడనం నిలవదు. థర్మోస్టాట్ పని చేస్తోందో లేదో తెలియాలంటే దానిని విప్పి, నీళ్ళ గిన్నెలో దారంతో వేలాడదీసి కాచాలి. దాని మీద 82 అనో 88 అనో అచ్చు ఉంటుంది. ఆ వేడి దగ్గర తెరుచుకోవడం మొదలుపెట్టాలి. కొందరు మెకానిక్‌లు "ఇది మన వేడికి అక్కరలేదు" అని థర్మోస్టాట్ తీసి పారవేస్తారు. అది సరికాదు. ఇంజన్ తన వేడికి రాకుండా నడిస్తే త్వరగా అరుగుతుంది, నూనె కూడా ఎక్కువ తాగుతుంది.

ఇంకొక పరీక్ష ముఖ్యమైనది. చల్లని ఇంజన్‌ను మూత తీసి స్టార్ట్ చేసినప్పుడు నీళ్ళలో ఆగకుండా బుడగలు వస్తూ ఉన్నా, ఇంజన్ ఆయిలు పాలు కలిపిన టీలా మారినా, తప్పు హెడ్ గాస్కెట్‌లో ఉండవచ్చు. అప్పుడు రేడియేటరు మార్చి డబ్బు పోగొట్టుకోకండి. మన పల్లెల్లో మరొక కారణం కూడా ఉంది. వరి నూర్పిళ్ళ కాలంలో పొట్టు, ఊక, పురుగులు ముందు వైపు రేకులలో ఇరుక్కుంటాయి. ఇంజన్ వైపు నుండి బయటికి మెల్లగా నీళ్ళు కొడితే అవి పోతాయి. గట్టి పీడనంతో కొడితే రేకులు వంగిపోతాయి.

ఇవన్నీ చూసిన తరువాత తప్పు రేడియేటరుదే అని తేలితే, మన ముందు అయిదు దారులు ఉంటాయి.

మొదటిది, చిల్లు దగ్గర టంకం పెట్టించడం. రాయి తగిలి ఒకచోట చిల్లు పడితే, మిగతా గొట్టాలు శుభ్రంగా ఉంటే, ఇది చాలు. లోపల పూడిపోయినదానికి ఇది పనికిరాదు. నేను అడిగినది ఇదే. అలా చేయించి ఉంటే మళ్ళీ మే నెల వచ్చేసరికి అదే దారిలో నిలబడి ఉండేవాళ్ళం.

రెండవది, రెండు ట్యాంకులు ఊడదీసి, గొట్టాలలో సన్నని ఊచ దూర్చి పూడిక తీయించడం. సున్నం పలుచగా ఉండి, గొట్టాలు గట్టిగా ఉంటే మంచిదే. మా దానిలో ఊచ దూర్చగానే రెండు గొట్టాలు చిరిగాయి. మేస్త్రీ అక్కడే ఆపేశాడు.

మూడవది, కొత్త కోరు వేయించడం. అంటే పాత ఇత్తడి ట్యాంకులు, పక్క పట్టీలు అలాగే ఉంచి, మధ్యలోని గొట్టాలు, రేకులు మాత్రం కొత్తవి వేయడం. ట్యాంకులు బాగా ఉన్న పాత బండ్లకు ఇది చక్కని పద్ధతి. పైపులు, బోల్టు రంధ్రాలు పాతచోటే ఉంటాయి గనుక బండిలో ఇబ్బంది లేకుండా కూర్చుంటుంది.

నాలుగవది, పూర్తిగా కొత్తది కొనడం. ఇందులో రెండు రకాలు. అంబాసిడర్ వంటి పాత బండ్లకు వచ్చినవి ఇత్తడి గొట్టాలు, రాగి రేకులు, ఇత్తడి ట్యాంకులు, అన్నీ టంకంతో అతికినవి. తరువాతి కాలపు కార్లకు వచ్చేవి అల్యూమినియం కోరు, దానికి రబ్బరు పట్టీ పెట్టి నొక్కి బిగించిన ప్లాస్టిక్ ట్యాంకులు. రాగి వేడిని అల్యూమినియం కంటే బాగా లాగుతుంది. అయినా అల్యూమినియంతో వెడల్పు గొట్టాలు చేయవచ్చు, బరువు తక్కువ, గనుక బాగా చేసిన అల్యూమినియం రేడియేటరు కూడా చక్కగా పని చేస్తుంది. తేడా అంతా చెడిపోయినప్పుడు కనిపిస్తుంది. ప్లాస్టిక్ ట్యాంకు ఏళ్ళ తరబడి వేడికి పెళుసై చీలితే దానికి టంకం పెట్టలేము. రాగి, ఇత్తడిదైతే మండల కేంద్రంలో బిందెలకు మాటు వేసేవాడి పక్క కొట్టులో కూడా బాగు చేయించుకోవచ్చు.

అయిదవది, పాత ఇనుము కొట్టులోది. దాని ధర తక్కువే. అయితే అది ఏ నీళ్ళు తాగిందో ఎవరు చెబుతారు? మా పెద్దాయన పట్టుదల మీద అటువంటివి రెండు చూశాము. మేస్త్రీ ఒకదానిలో నీళ్ళు పోసి వంచి చూపించాడు. మాదానిలాగే సగం పూడి ఉంది. తప్పనిసరై అటువంటిది తీసుకోవలసి వస్తే, ముందు గాలి పట్టించి నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు వస్తున్నాయేమో చూడండి. పైన ఒక బకెట్ నీళ్ళు ధారగా పోసి, అంతే ధారగా కింద దిగుతున్నాయేమో కూడా చూడండి. ఈ రెండు పరీక్షలకు ఒప్పుకోనివాని దగ్గర కొనవద్దు.

ఈ అయిదింటిలో ఏది మంచిది అని అడిగితే, మేస్త్రీ చెప్పిన మాట చెబుతాను. "బండి ఏ రకంతో పుట్టిందో ఆ రకమే వేయండి. మీరు తిరిగే దారిలో దానిని బాగు చేసేవాడు ఉన్నాడా లేదా చూసుకోండి." అందుచేత ప్లాస్టిక్ ట్యాంకుతో వచ్చిన మారుతీ కారుకు ఆ రకమే కొత్తది వేయడం మేలు. దాని భాగాలు చిన్న పట్టణాల్లో కూడా దొరుకుతాయి. అంబాసిడర్ తయారీ మాత్రం పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో 2014లోనే ఆగిపోయింది. అటువంటి బండికి, బాగు చేయడానికి వీలైన రాగి, ఇత్తడి కోరు వేయించుకోవడమే మాకు తెలివైన పనిగా కనిపించింది. మా దాని ట్యాంకులు గట్టిగా ఉన్నాయి గనుక మూడవ దారి ఎన్నుకున్నాము. ఖర్చు పాత ఇనుము కొట్టుదానికంటే ఎక్కువ, పూర్తి కొత్తదానికంటే తక్కువ అయింది.

కొనేటప్పుడు చేసే పొరపాట్లు కొన్ని ఉన్నాయి. "అంబాసిడర్‌కు ఒక రేడియేటర్ ఇవ్వండి" అని అడగకూడదు. ఆ ఒక్క పేరు కిందనే పాత 1500 పెట్రోలు, 1500 డీజిల్, ఇసుజు 1800 పెట్రోలు ఇంజన్లు వచ్చాయి. బండి పేరు, సంవత్సరము, ఇంజన్ మూడూ చెప్పాలి. వీలైతే పాతది చేత పట్టుకొని వెళ్ళాలి. కోరు ఎత్తు, వెడల్పు, మందము కొలవాలి. పైపులు ఏ పక్కకు ఉన్నాయి, వాటి నోరు ఎంత, బోల్టు రంధ్రాలు ఎక్కడ, అడుగున నీళ్ళు వదిలే కుళాయి ఉందా అనేవి పక్కపక్కన పెట్టి చూడాలి. పాతది కొట్టులో వదిలిపెట్టే ముందు కొత్తది బండిలో కూర్చుందో లేదో చూసుకోవాలి.

గొట్టాల వరుసలు ఎక్కువైతే చల్లదనం ఎక్కువ అనుకొని, కొందరు రెండు వరుసల చోట నాలుగు వరుసలు అడుగుతారు. కోరు మందమైన కొద్దీ గాలి దాని గుండా దూరడం కష్టమవుతుంది. ఫ్యాను రెక్క దానికి తగలవచ్చు కూడా. ఫ్యానుకు, కోరుకు మధ్య సుమారు ఒక అంగుళం ఖాళీ ఉండాలి. రేకులు మరీ దగ్గర దగ్గరగా ఉన్న కోరు కూడా మన ఊక, దుమ్ములో త్వరగా పూడుతుంది. బండికి మొదట వచ్చిన కొలతే మంచి కొలత.

మూత సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గాని చిన్నది కాదు. నీరు మామూలుగా 100 డిగ్రీల దగ్గర మరుగుతుంది. మూత పీడనాన్ని ఆపి ఉంచితే మరిగే వేడి పెరుగుతుంది. మూత మీద 0.5 అని ఉంటే నీరు సుమారు 111 డిగ్రీల దాకా, 0.9 అని ఉంటే సుమారు 118 డిగ్రీల దాకా మరగకుండా నిలుస్తుంది. అలాగని పాత బండికి పెద్ద అంకె మూత పెడితే, ఆ పీడనానికి టంకం అతుకులు, రబ్బరు గొట్టాలు విడిపోతాయి. మీ బండికి చెప్పిన అంకె మూతనే వాడండి. ఇందుకే వేడి మీద మూత తీయకూడదు. తీసిన వెంటనే పీడనం పోయి, లోపలి నీరంతా ఒక్కసారిగా మరిగి పైకి చిమ్ముతుంది. నా ముంజేతి మచ్చ ఇంకా ఉంది. కనీసం అరగంట, పై గొట్టం చేతికి చల్లగా తగిలేదాకా ఆగండి. కాలుతున్న ఇంజన్‌లో చల్లటి నీళ్ళు పోస్తే హెడ్ పగలవచ్చు. అప్పుడు రేడియేటరు ఖర్చు చాలా చిన్నదిగా కనిపిస్తుంది.

కొత్తది వేసే ముందు ఇంజన్ లోపలి నీటి దారులు కూడా కడిగించాలి. లేకపోతే అక్కడి తుప్పు, సున్నం కొత్త గొట్టాలలోకి వచ్చి చేరతాయి. రబ్బరు గొట్టాలు, క్లిప్పులు, మూత పాతవైతే అప్పుడే మార్చాలి. వాటి ఖర్చు కొంచెమే, మళ్ళీ విప్పే కూలీ మిగులుతుంది.

ఇక ఏ నీళ్ళు పోయాలి? బోరు నీళ్ళు వద్దు. చెరువు నీళ్ళు, కాలువ నీళ్ళు కూడా వద్దు. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ మేలు. దానిలో కూలెంట్ కలపాలి. "మన దగ్గర మంచు పడదు గదా, కూలెంట్ ఎందుకు?" అని అనుకోవచ్చు. అది తుప్పును ఆపుతుంది, నీరు మరిగే వేడిని కొంచెం పెంచుతుంది. కూలెంట్ ఒక్కటే పోయకూడదు. ఒట్టి కూలెంట్ నీళ్ళంత బాగా వేడిని మోయదు. డబ్బా మీద చెప్పిన పాళ్ళలో, చాలావాటికి సగం సగం, కలపాలి. కలిపి అమ్మేది కొంటే నీళ్ళు మళ్ళీ కలపనక్కరలేదు. రాగి, ఇత్తడి, టంకం ఉన్న పాత రేడియేటరుకు అన్ని కూలెంట్లూ సరిపడవు. డబ్బా మీద ఆ సంగతి చదివి, లేదా కొట్టువానిని అడిగి తీసుకోండి. రంగులు చూసి రెండు రకాలు కలపవద్దు.

తల్లులు ఈ మాట బాగా గుర్తుంచుకోవాలి. కూలెంట్‌లో ఎక్కువగా ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, అది విషము. బండి కింద పళ్ళెంలో వదిలిన పాత నీళ్ళను కుక్క, మేక తాగవచ్చు, పిల్లలు వేలు ముంచి నాకవచ్చు. మిగిలిన కూలెంట్‌ను కూల్‌డ్రింక్ సీసాలో పోసి అటక మీద పెట్టకండి. ఎవరైనా తాగితే వాంతి కోసం ఎదురుచూడకుండా, ఆ డబ్బా కూడా తీసుకొని వెంటనే ఆసుపత్రికి పోవాలి.

మా కారు కొత్త కోరుతో తిరగడం మొదలుపెట్టి ఏడాది దాటింది. ఇప్పుడు స్టీరింగ్ పక్కన ఒక చిన్న నోటు పుస్తకం దారంతో కట్టి ఉంది. బయలుదేరే ముందు, ఇంజన్ చల్లగా ఉండగా, నీటి మట్టం చూసి తేదీ రాస్తాము. ఈ ఏడాదిలో రెండుసార్లు మాత్రమే కొంచెం పోయవలసి వచ్చింది. మళ్ళీ ఎప్పుడైనా తరచుగా తగ్గితే నీళ్ళు పోసి ఊరుకోము. ఎక్కడ కారుతోందో వెతుకుతాము.

ఆ సహోదరుడు ఇంకా మంగళవారం, శుక్రవారం మా కారులోనే నరసరావుపేట వెళ్తున్నాడు. ఇప్పుడు ముందు సీటులో కూర్చుంటాడు. తలుపు వేసుకోకముందే, "నీళ్ళు చూశారా అయ్యగారూ?" అని అడుగుతాడు. నేను పుస్తకం తీసి అతని చేతిలో పెడతాను. ఆ రోజు తేదీ వేసి ఉంటేనే తలుపు వేసుకుంటాడు.

ఈ వేసవి వచ్చేలోగా మీ బండి రేడియేటరు మూత ఒకసారి, చల్లారిన తరువాత, తీసి చూడండి. లోపల తెల్లగా పొర కనిపిస్తే ఆలస్యం చేయవద్దు. మరల వచ్చే నెల కలుసుకుందాం.